వెనక ఎడమ

జుమా సంతలో ఏడు దినార్లకు బేరమాడి
ఐదు పెట్టెలూ, ఒక పొట్టోడూ తెచ్చాను.
పొట్టోడంటే సబ్‌వూఫర్. ముందు గుడ్డ చిరిగింది,
కడుపు మాత్రం గట్టిదే.
"వల్లా, సింహం" అన్నాడు అమ్మిన మిస్రీవాడు,
మోగించి చూపించలేదు.
జలీబ్‌లో మా గది దాకా టాక్సీకి ఇంకో దినారున్నర.

ఓబులేసు గోడకు మేకులు కొట్టాడు.
చెన్నకేశవులు తీగల్ని పరుపుల కింద దూర్చాడు.
హారిస్ వస్తాడేమోనని మస్తాన్ వలీ తలుపు దగ్గర.
మేం ఆరుగురం, మంచాలు ఆరు,
నాలుగు మూలలకు నాలుగు పెట్టెలు,
రెడ్డెప్ప తల మీద నడిమిది,
నా మంచం కింద పొట్టోడు.

కంప్యూటర్ ఆఫీసువాళ్ళు పారేసింది.
అందులో లినక్స్ ఎక్కించాను.
"ఇదెవరిది?" అన్నాడు పెంచలయ్య.
ఎవరిదీ కాదు మామా, అందరిదీ.
"అంటే దీనికి కఫీల్ లేడా?"
లేడు.
"ఏడాదికోసారి అకామా కొట్టించబల్లేదా?"
అక్కర్లేదు.
"పాస్‌పోర్టు?"
దాని చేతిలోనే ఉంటుంది.
కాసేపు తెరనే చూసి
"మరి మాట్లాడదేంది?" అన్నాడు.

అదే కదా సంగతి.
ఆకుపచ్చ ఆకుపచ్చలో, నలుపు నలుపులో, నారింజ నారింజలో.
పలికింది ముందరి రెండే.
స్టీరియో అని ఉన్నచోట సరౌండ్ అని మార్చాను,
సరేనంది,
మూసి తెరిస్తే మళ్ళీ స్టీరియో.
రాత్రి పదకొండు. నాలుగింటికి బస్సు.
నల్ల తెర తెరిచి ఒక్కో అక్షరం కొట్టాను.
చుక్క తప్పితే చాలు, మా ఫోర్‌మన్ లాగా
పనంతా తిప్పి పంపుతుంది.
తేడా ఒకటే, తప్పు ఏ వరుసలో ఉందో చెబుతుంది.

ఒంటిగంటకు ఆమె వచ్చింది.
పరీక్ష కోసం లోపల దాచిన గొంతు, ఏ దేశపు మనిషో.
ముందు ఎడమ, అంది ఇంగ్లీషులో
ఓబులేసు తలాపున.
ముందు కుడి, అంది చెన్నకేశవులు దగ్గర.
మా గదిలో ఆడగొంతు, ఫోన్లోంచి కాకుండా
గాలిలో నడుస్తూ,
పేరు పెట్టి కాకపోయినా చోటు పెట్టి పిలుస్తూ.
ఎవరూ నవ్వలేదు.
పడుకుని ఎవరి వంతు కోసం వాళ్ళు చూశారు.
నడుమ, అన్నది మాత్రం నా మంచం కింద,
బిందెలో మూతి పెట్టి అన్నట్టు.
వెనక కుడి.
"హాజర్" అన్నాడు మస్తాన్.
వెనక ఎడమ
అనాల్సినంత సేపు గడిచింది, అంతే.

తీగ మార్చాను. మస్తాన్ పెట్టె తెచ్చి పెట్టినా
ఆ మూలకొస్తే మూగదే.
"ఇడిసిపెట్టరా" అన్నాడు పెంచలయ్య,
"ఆ పక్క నాకెట్లాగూ వినపడదు."
పదకొండేళ్ళు బ్రేకర్ పట్టాడు.
చెవి బిరడాలు స్టోరు రిజిస్టరులో ఉన్నాయి.
ఎడమ నుంచి పిలిస్తే పలకడు,
పొగరనుకునేవాళ్ళం.

మిక్సరులో పక్కకు, ఇంకా పక్కకు జరిగితే
తెరలో పట్టని చివర ఒక గీత.
దాని కింద కుడివైపు ఓ, ఎడమవైపు ఎమ్.
ఓ అంటే తెరిచిన నోరు, ఎమ్ అంటే మూసింది,
పలికి చూడండి, ఏ భాషలోనైనా అంతే.
చెడిపోలేదు. మూసి ఉంది.
ఎవరు మూశారో రాసి లేదు.
కామా మీట ఒక్కసారి నొక్కాను.

వెనక ఎడమ.

పెంచలయ్య కదల్లేదు.
తర్వాత మెల్లగా తిరిగి పడుకుని
కుడి చెవి అటు పెట్టి
"ఇంగోసారి అనమను" అన్నాడు.
అంది.
"ఏమంటాంది?"
నీ మంచం పేరు మామా.

నడిమిదీ పొట్టోడూ ఇంకా తారుమారే,
వచ్చే శుక్రవారం చూడాలి.
కింద హారన్ కొడితే చొక్కాలు తొడుక్కుంటూ పరిగెత్తాం.
బస్సు ఆరో రింగురోడ్డెక్కాక గుర్తొచ్చింది,
ఆపలేదు.
సాయంత్రం దాకా ఆమె
ఖాళీ మంచాలను వరసపెట్టి పిలుస్తూనే ఉంటుంది.